చెరువు గట్టున మాటు

బాతులను దగ్గరగా చూడవలెనన్నచో ఒక్కరు చాలరు, ఇద్దరు కావలెను. ఇద్దరిలో ఒకరు మాటున కూర్చుండవలెను, రెండవవారు వెళ్లిపోవలెను. మేము చెప్పదలచినది ముఖ్యముగా ఆ వెళ్లిపోవువాని సంగతి. అయినను మాటు కట్టుట తెలియనిదే ఆ సంగతి బోధపడదు గనుక మొదట మాటును గూర్చి వ్రాయుచున్నాము.

మాటు అన్న మాట కొత్తది కాదు. పులి మాటు వేసినది అందుము. వేటగాడు తన ఒడలు కనబడకుండ దాగి కూర్చుండు చోటును మాటే. చేను కాయువాడు ఎక్కునది మంచె. కన్నడమున దానిని మంచికె అందురు. మంచెమీది మనిషి పిట్టలకు కనబడవలెను, లేనిచో అవి బెదరవు. మాటు దీనికి తలక్రిందులు. మన పిల్లలు మంచెను ఎరుగుదురు గాని మాటును అంతగా ఎరుగరు. ఎరిగినవారు ఉండేలు పట్టుకొని ఎరిగినవారే.

అట్టి పిల్లవాని మూలముననే ఈ వ్యాసము పుట్టినది. ఒక శీతకాలమున కుడతిని వాస్తవ్యులగు ఒక తండ్రి మా యొద్దకు వచ్చి, తన కుమారుడు సెలవు దొరికినంతనే ఉండేలుతో కుంటకు పరుగెత్తుచున్నాడనియు, తిట్టినను కొట్టినను మానకున్నాడనియు చెప్పి, "వీనికి మీరైన బుద్ధి చెప్పవలెను" అనెను. మేము బుద్ధి చెప్పలేదు. నీకొక స్నేహితుడు ఉన్నాడా అని పిల్లవానిని అడిగితిమి. ఉన్నాడనెను. పొరుగింటి కన్నడ పిల్లవాడు, కన్నడ బడిలో చదువుచున్నవాడు. ఆ ఇద్దరితో కలిసి మాటు కట్టితిమి. ఏ కుంట ఒడ్డున కట్టినది ఇక్కడ వ్రాయము. వ్రాసినచో మాకంటె ముందు ఇతరుల ఉండేళ్లు అచ్చటికి చేరగలవు.

కార్తీకము వచ్చుసరికి మన ప్రాంతపు నీళ్లకు దూరదేశపు పక్షులు దిగును. 1953లో నీరు నిలిచిన తుంగభద్ర జలాశయము, దాని కాలువలు, దరోజి చెరువు, పల్లెల ప్రక్కనుండు చిన్న కుంటలు, ఇవి అన్నియు వాటికి బస చేయు స్థలములు. విజయనగర జిల్లాలోని అంకసముద్రము, గదగు జిల్లాలోని మాగడి చెరువు 2024లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలలుగా రాంసార్ పట్టికలో చేర్చబడినవి. మాగడి చెరువునకు ప్రసిద్ధి తెచ్చినది పట్టెతల బాతు. తెల్లని తలపై వెనుకవైపున రెండు నల్లని పట్టెలుండును గనుక ఆ పేరు. కన్నడమున పట్టెతలె హెబ్బాతు అందురు. ఇది టిబెట్టు, మంగోలియా పీఠభూముల సరస్సులలో పిల్లలను చేసి, హిమాలయములను దాటి మన చెరువులకు వచ్చును. వీపునకు చిన్న యంత్రములు కట్టి శాస్త్రజ్ఞులు పరిశీలింపగా 7000 మీటర్లకు పైబడిన ఎత్తున ఎగిరినట్లు తేలినది. పగలు చెరువులో విశ్రమించి, రాత్రివేళ వేరుసెనగ, సెనగ చేలలో మేయును. మంగోలియాలో మెడకు పట్టీ కట్టి విడిచిన బాతులు కర్ణాటకపు చెరువులలో కనబడినవి. ఆ పట్టీమీది అక్షరములు చదువగలిగినంత దగ్గరకు పోవలెనన్న మాటు కావలసినదే.

ఇవి గాక సూదివంటి తోకగల బాతు, చెంచావంటి ముక్కుగల బాతు ఉత్తరదేశములనుండి వచ్చును. ముక్కు చివర పసుపుపచ్చని మచ్చగల బాతు మనయందే కాపురముండునది. కావ్యములలో రాత్రివేళ జంట విడిపోయి విలపించునని చెప్పబడు చక్రవాకమే మన జక్కవ. అదియు బాతు జాతిదే, లడఖు, టిబెట్టు ప్రాంతములలో గూడు పెట్టునది. పద్యమునకు అర్థము చెప్పు పిల్లలలో జక్కవను కన్నులార చూచినవారు ఎందరు? గూడబాతు మాత్రము పేరుననే బాతు, జాతిచేత కాదు. క్రింది ముక్కునకు సంచి వ్రేలాడు ఆ పెద్ద పక్షి కుటుంబము వేరు.

మాటును మొదట కనిపెట్టినది చూచుటకు కాదు, చంపుటకు. మన దేశమున పూర్వము పక్షులను పట్టువారు ఒక వింత ఉపాయము చేసెడివారు. ఖాళీ కుండలను కొన్నిదినములు నీటిపై వదలెడివారు. బాతులు మొదట బెదరి, పిదప వాటినడుమనే ఈదుచుండెడివి. అప్పుడు మనిషి రెండు రంధ్రములు చేసిన కుండను తలపై బోర్లించుకొని, మెడలోతు నీటిలో మెల్లగా నడచి, బాతు కాళ్లు పట్టి క్రిందికి లాగెడివాడు. కుండ ఇక్కడ మాటు. ఇందులో గ్రహింపదగినది కుండ కాదు, ఆ కొన్నిదినములు. పక్షికి క్రొత్తది ఏదైనను శత్రువే. పాతబడినది రాయితో సమానము.

తుపాకులు వచ్చిన తరువాత ఓపికతో పని లేకపోయెను. రాజస్థానములోని భరత్‌పూర్ నీళ్లలో 1938 నవంబరు 12వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు గౌరవార్థము జరిగిన వేటలో ఒక్క దినమున 4,273 పక్షులు కూలినవి. ఆ లెక్క రాతిపై చెక్కబడి నేటికిని అచ్చట నిలిచియున్నది. ఆ నీళ్లే నేడు జాతీయోద్యానము. 1985లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడినది.

మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. తరువాతను కొంతకాలము లైసెన్సు పొంది బాతులను కాల్చుటకు వీలుండెను. 1991 సవరణతో అదియు పోయెను. ఇప్పుడు అడవిబాతును చంపుట, పట్టుట, దాని గూడును గ్రుడ్లను తీయుట, అన్నియు వేట క్రిందికే వచ్చును, శిక్షకు పాత్రములే. చేతనున్నది తుపాకియా, ఉండేలా అని చట్టము చూడదు. తల్లిదండ్రులు ఈ సంగతి పిల్లలకు భయపెట్టుటకై గాక, ఉన్నదున్నట్లు చెప్పవలెను.

అయితే వేటగాని విద్య అంతయు పారవేయదగినది కాదు. అంతరించెననుకొన్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మరల దొరకుటకు కారకుడు ఐతన్న అను స్థానికపు వేటగాడు. ఆ రాత్రిసంచారి అడుగుజాడలు పుస్తకములు చదివినవారికంటె అతనికే బాగుగ తెలియును. మాకును అట్టి గురువు ఒకరు దొరికిరి. ఆ కన్నడ పిల్లవాని తాతగారు యౌవనమున లైసెన్సుదారుల వెంట తూటాల సంచి మోసినవారు. మాటు ఎచ్చట కట్టవలెనో మంచముమీద కూర్చుండియే చెప్పిరి.

వారి మొదటి మాట దిక్కును గూర్చి. కుంటకు తూర్పు ఒడ్డున కట్టుడనిరి. ఉదయపు ఎండ మన వీపుననుండి బాతుల మీద పడును. మన కన్నులలో పడదు. శీతకాలమున మనవైపు గాలి ఎక్కువగా ఈశాన్యమునుండియు తూర్పునుండియు వీచును. బాతు నీటిపై దిగునపుడు గాలికి ఎదురుగ దిగును, అనగా మన ముఖమునకు ఎదురుగ వచ్చును. ఎండయు గాలియు రెండును మన వెనుకనే ఉండుట ఆ ఒక్క ఒడ్డునందే కుదురును. రెండవ మాట: గట్టుమీద కట్టరాదు, గట్టు క్రింద కట్టవలెను. మీద కట్టినచో ఆకాశము వెనుకనుండి ఆకారము నల్లగా కొట్టవచ్చినట్లు కనబడును. క్రింద కట్టినచో గట్టు మట్టిలో కలిసిపోవును.

మాటు పెద్దది కానక్కరలేదు. మాది నాలుగడుగుల చదరము, నాలుగున్నర అడుగుల ఎత్తు. ఆరడుగుల వెదురు కర్రలు నాలుగు తెచ్చి అడుగున్నర లోతున పాతితిమి. మన నల్లరేగడి తడిసినపుడు జారిపోవును, ఎండినపుడు నెరియలు విచ్చును గనుక నీటి అంచునుండి పదియడుగులు వెనుకకు జరిగి, గడ్డపారతో గుంటలు తీసి, రాళ్లు దట్టించితిమి. అడ్డకర్రలను పురికొసతో కట్టితిమి. చుట్టును పాత గోనెసంచులు విప్పి కుట్టితిమి. నీలిరంగు ప్లాస్టికు పట్ట తెత్తునని పిల్లవాడనెను. అది మెరయును, గాలికి టపటప కొట్టుకొనును, కూడదంటిమి.

గోనెపై కప్పుటకు జొన్నచొప్ప చేతికి అందుబాటున ఉండెను. చూచుటకు ముచ్చటగ ఉండెనుగాని మరునాటి సాయంకాలము పోయి చూడగా నాలుగు కర్రలును నమిలి విడిచిన గోనెయును మిగిలినవి. ఊరి ఎనుములు ఆ త్రోవన నీళ్లకు దిగునన్న సంగతి మేము ముగ్గురమును మరచితిమి. తాతగారు ఈ సంగతి విని చాలసేపు నవ్విరి. రెండవమారు జమ్మును ఈతమట్టలను కప్పి, చుట్టును తుమ్మముండ్ల కొమ్మలు నాటితిమి. మనము సర్కారుతుమ్మ అనెడి ఆ విదేశపు చెట్టును కన్నడమున బళ్లారి జాలి అందురు. మన జిల్లా పేరు మోయుచున్నందుకు అది ఆ దినమున కొంత ఋణము తీర్చుకొన్నది.

పైకప్పు మరువరాదు. బాతు దిగుటకు ముందు ఒకటి రెండు చుట్లు తిరిగి పైనుండి చూచును. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల ఉండుటచేత తల త్రిప్పకయే ఇంచుమించు చుట్టును చూడగలదు. మనకు కనబడని అతినీల కాంతిని కూడ చూడగలదు. అయినను నిశ్చలముగ ఉన్నదానికంటె కదలుదానిని త్వరగా పసిగట్టును. కాబట్టి మాటులోపల చీకటిగ ఉండవలెను. వీపువైపు గోనె రెండు పొరలు వేయవలెను. వెనుకనుండి వెలుతురు వచ్చినచో చెయ్యి కదలినంతనే నీడ తెలియును. చూచుటకు కూర్చున్నవాని కంటియెత్తున జానెడు పొడవు, నాలుగు వ్రేళ్ల వెడల్పు కన్నము చాలును. కూర్చుండుటకు నాలుగు ఇటుకలు, వానిపై మడిచిన గోనె. తెల్లచొక్కా తొడిగి పోరాదు.

ఒక్క దినమున కట్టరాదు. కర్రలు నాటి రెండుదినములు విడిచితిమి, గోనె చుట్టి మరల విడిచితిమి, చివరకు జమ్ము కప్పితిమి. ఎనుముల మూలమున మరికొంత ఆలస్యమైనది. అదియు మేలే అయినది. కుండల ఉపాయమున చెప్పినట్లు, బాతులకు మా గుడిసె పాతబడిపోయెను.

ఇక లోపలికి పోవుట. ఇక్కడనే ఒంటరివాడు ఓడిపోవును. ఎంత తెల్లవారుజామున పోయినను బాతులు చూడకుండ లోన దూరుట అసాధ్యము. అవి ఎగిరి దూరపు నీటిపై వ్రాలి, మనిషి లోననే ఉన్నాడని మాటువైపే చూచుచుండును. ఇద్దరు లోనికి పోయి, ఒకడు లోన ఉండి, రెండవవాడు బాహాటముగ వెళ్లిపోవలెను. మనిషి వచ్చెను, మనిషి వెళ్లెను అన్నంతవరకే బాతు చూచును. వచ్చినవారెందరు, పోయినవారెందరు అన్న లెక్కకు పోదు. కాకి విషయమున ఈ ఉపాయము ఎల్లప్పుడును పారదు గాని బాతుల విషయమున పారును.

మొదటి ఉదయమున ఉండేలు పిల్లవాడు లోన కూర్చుండెను. కన్నడ పిల్లవాడు వెళ్లిపోవువాడు. మేము దూరమున ఒక వేపచెట్టు క్రింద ఉంటిమి. మాటులో ఉండేలు ఉండరాదని ముందే నిర్ణయము. నాలుగడుగుల చోటున రబ్బరు సాగదీయుటకు మోచేయి ఆడదని కారణము చెప్పితిమి. దానిని వెళ్లిపోవువాని జేబులో పెట్టి పంపితిమి. వాడు గట్టుపై సగము దూరము పోయి, స్నేహితునికి బాతులు వచ్చెనా అని నిలువబడి వెనుదిరిగి చూచెను. మరికొంత దూరము పోయి మరల చూచెను. గంటసేపు ఒక్క బాతును ఇటు రాలేదు. నిలిచిన మనిషి పోయిన మనిషి కాడు. ఆ సాయంకాలము తాతగారు మనుమనితో, "పోవువాడు పోవలెను. నీకు ఏమియు కనబడదు. దానికి ఒప్పుకొనువాడే పోవలెను" అని కన్నడమున చెప్పిరి.

రెండవ ఉదయమున వాడు సైకిలు నడిపించుకొనుచు, గంట మ్రోగించుచు, బిగ్గరగా పాడుచు గట్టు దాటి కనుమరుగైపోయెను. వాడు దాటిన ఇరువది నిమిషములలోపల సూదితోక బాతులు రెండు చుట్లు తిరిగి, గాలికి ఎదురుగా కాళ్లు చాపి మాటు ముందు దిగినవి.

లోపలివాడు ఏమి చూచినది తరువాత నోటుపుస్తకములో వ్రాసెను. బాతులు తలను నీటిలో ముంచి తోకను ఆకాశమునకెత్తి మేయుట. చెంచాముక్కు బాతు నీటిని ముక్కుతో జల్లెడపట్టినట్లు వడగట్టుట. గుంపు నడుమనున్నవి రెండు కన్నులును మూసి నిద్రించుచుండగా అంచుననున్నది ఒక్క కన్ను తెరచి ఉంచుట. ఈ చివరి మాట మాకు నమ్మశక్యము కాలేదు. పిదప పుస్తకములు చూడగా, 1999లో అమెరికా శాస్త్రజ్ఞులు బాతులపై పరిశోధించి ఇదే సంగతి ప్రకటించిరని తెలిసినది. వరుస చివరనున్న బాతు మెదడులో ఒక సగము నిద్రించుచు రెండవ సగము మేలుకొని, బయటివైపు కన్నుతో కాపు కాయునట. మా పిల్లవాడు ఆ పరిశోధనను ఎరుగడు; ఇటుకలపై కూర్చుండి చూచెను, అంతే.

నోటుపుస్తకము ఇద్దరిదియు ఒక్కటే. ఎడమవైపు తెలుగు, కుడివైపు కన్నడము. మొదట రెండువైపులను బాతు, బాతు అనియే ఉండెను, ఆ మాట రెండు భాషలకును సమానము గనుక. చిన్నదై, గుండ్రనిదై, చూచుచుండగనే మునిగి వేరొకచోట తేలు పక్షికి పేరేమని ప్రశ్న వచ్చెను. కన్నడ పిల్లవాడు గుళుముళుక అని వెంటనే వ్రాసెను. మనవానికి పేరు తెలియలేదు. ఎడమవైపు రెండుదినములు ఖాళీగ ఉండెను. మూడవదినమున ఇంటిలో అవ్వను అడిగి వచ్చి బుడబుంగ అని వ్రాసెను. ఆ అవ్వను ఇంతకుముందు ఎవరును ఏ పాఠమును గూర్చి అడిగియుండరు. నల్లని ఒడలు, తెల్లని నొసలుగల నీటికోడికి కన్నడమున నామద కోళి. ఎడమవైపు బొల్లికోడి వచ్చి చేరినది, అదియు అవ్వ చెప్పినదే. ఇంట తెలుగు మాటాడుచున్నను ఇట్టి మాటలు పెద్దవారితోనే ఆగిపోవుచున్నవని తల్లిదండ్రులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు.

వెళ్లిపోవువాని పని వెళ్లుటతో తీరదు. చెప్పిన వేళకు తిరిగి వచ్చి లోపలివానిని వెంటబెట్టుకొని పోవలెను. లోపలివాడు తనంతట తాను పొదలోనుండి లేచి వచ్చినచో, బాతులు ఆ పొదను మరల నమ్మవు. కట్టిన శ్రమ అంతయు వ్యర్థము. ఒక ఆదివారమున ఎనిమిదింటికి రావలసిన స్నేహితుడు రాలేదు. తొమ్మిదైనది. త్రోవలో ముల్లు గ్రుచ్చుకొని సైకిలు పంచరై, అతడు దానిని తోసుకొని నడుచుచుండెనట. బళ్లారి జాలి తన ఋణమును ఈ విధముగ మరల రాబట్టుకొన్నది. పిల్లవాని తండ్రి వెదకుచు మా యొద్దకు వచ్చెను. ఇద్దరమును వేపచెట్టు వరకు పోయితిమి. మాటు ముందు నీటిపై నూరు బాతులైనను ఉండెను. కొన్ని ఒడ్డునకే ఎక్కి రెక్కలు దువ్వుకొనుచుండెను. తండ్రి కేకవేయబోయి ఆగెను. స్నేహితుడు వచ్చినది పది దాటిన తరువాతనే. అంతవరకు పిల్లవాడు లోన కదలలేదు. కాళ్లు తిమ్మిరెక్కి బయటికి వచ్చినపుడు నిలువలేకపోయెను. ఎందుకు రాలేదని తండ్రి అడుగగా, "వాడు వత్తుననెను గదా నాయనా" అనెను.

తల్లిదండ్రుల భయములు మేము ఎరుగనివి కావు. ఈత తెలిసినను తెలియకున్నను పిల్లలు నీటిలో దిగరాదు. మాటు పని అంతయు పొడినేలపైనే. తుంగభద్ర కాలువల ఒడ్డున మాటు కట్టనే కూడదు, ఆ నీటి వేగము పైకి తెలియదు. మన కుడతిని విద్యుత్కేంద్రపు బూడిద మడుగుల దరికి పోనీయకుడు. పైన గట్టిపడినట్లు కనబడు బూడిద అడుగున బురదయై ఉండును. ఊరి ప్రక్కన నవీన శిలాయుగపు పశుపాలకులు వేలయేండ్ల క్రిందట విడిచిన బూడిదదిబ్బ ఉన్నది. బూడిద చూడవలెనన్న ఆ దిబ్బ చాలును. ఉదయము మాటులోనికి పోవుటకు ముందు కర్రతో తట్టి పాములున్నవేమో చూడవలెను. వానకాలమున పక్షులు గూడు పెట్టువేళ మాటు పెట్టరాదు. బెదరిన తల్లి గ్రుడ్లను విడిచిపోవును. దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యమువంటి చోట్ల అటవీశాఖవారి అనుమతి లేక ఏమియు కట్టరాదు. అచ్చట చూచుటకు వారే కట్టిన గోపురము ఉన్నది. పెద్దవారు ఒకరు దూరముననైన ఉండవలెను. దుర్భిణి లేదని దిగులు వలదు. మాకును మొదటి వారము లేదు.

మాఘము గడచి ఎండ ముదిరెను. కుంట సగమునకు తగ్గెను. సూదితోకలు ఒక రాత్రి వెళ్లిపోయినవి. చివరి ఆదివారమున కన్నడ పిల్లవాడు తన చిన్నతమ్ముని వెంటతెచ్చి, వీడును చూచునట అనెను. ఇంక ఉన్నవి మచ్చముక్కు బాతులు నాలుగు, బుడబుంగలు కొన్ని. లోన ఒక్కరికే చోటు. ఆ వారము కూర్చుండు వంతు మనవానిది. వాడు చిన్నవానిని లోన కూర్చుండబెట్టి, కన్నము ఎచ్చటనున్నదో చూపి, కదలవద్దని చెవిలో చెప్పి, సైకిలు తీసికొని గట్టెక్కెను. గంట మ్రోగించుచు, గట్టిగా పాడుచు పోయెను. ఒక్కమారైనను వెనుదిరిగి చూడలేదు.

మరునాడు మాటు విప్పితిమి. గోనెలు ఎవరివి వారికి ఇచ్చితిమి. వెదురు కర్రలు నాలుగును తాతగారి పెరటిలో చిక్కుడు పందిరికి పోయినవి. కార్తీకమునకు తిరిగి ఇచ్చునట్లు ఒప్పందము.